మూరెడు గుంట

ఫిబ్రవరి 20, తుమ్మలపెంట ఒడ్డు

తెల్లవారుజామున ఇసక మీద ముప్పాతిక మీటరు వెడల్పున జాడ. ఎడమ, కుడి గుర్తులు జంటగా కాక ఒకదాని వెనక ఒకటి పడ్డాయి. ఆలివ్ రిడ్లే తాబేలు నడక అంతే. జాడ వెనక్కి మళ్ళిన చోట ఇసక చెదిరి ఉంది. సన్నటి కర్రతో మెల్లగా పొడుస్తూ పోతే గూటి మీద సులువుగా దిగింది. అక్కణ్ణించి చేత్తోనే తవ్వాలి. కర్ర ఇంకో జానెడు దిగితే గుడ్లు పగులుతాయి, ఆ వాసనకి చీమలూ కుక్కలూ చేరతాయి.

పోటు గీతకి పైనుంటే గూడు కదపకుండా వల కప్పడమే మేలు. ఇది గీత కిందే ఉంది, తీయక తప్పలేదు. పెట్టిన కొన్ని గంటలకే పిండం పెంకు లోపల పైభాగానికి అతుక్కుంటుంది. తర్వాత గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలియదు, యాభై రోజుల తర్వాత లెక్కలో బయటపడుతుంది. అందుకే రెండు మూడు గంటల్లో ముగించాలి, పైనున్న వైపు పైనే ఉండేలా ఎత్తాలి, కడగకూడదు. బకెట్ అడుగున ఆ గూటి తడి ఇసకే పోయాలి.

మొత్తం 116.

గుడ్లు పొదగడానికి కట్టిన కంచె లోపల కొత్త గుంట మూరెడు లోతు, కడవలాగా పైన మెడ, కింద బొజ్జ. పొడి ఇసక ముందే గీకేయకపోతే అంచులు జారి మెడ నిలవదు. గుంటకీ గుంటకీ మీటరు దూరం. నిరుటి గుంటల చోట తవ్వితే కుళ్ళిన పెంకుల బూజు కొత్త గుడ్లకి పడుతుంది. ఇది మాత్రం ఏటా ఎవరో ఒకరు మరిచిపోతారు.

ఇసక వేడి 29 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే ఆడా మగా కలిసి పుడతాయి. బాగా పెరిగితే దాదాపు అన్నీ ఆడవే, ఇంకా ముదిరితే పిండాలే పోతాయి. ఆడో మగో తేలేది పొదిగే కాలం నడిమి మూడో వంతులో. అంటే ఈ గూటికి మార్చి ఎండల్లో. తాటాకు పందిరి అప్పుడు చాలు; మొదటి రోజు నుంచే దట్టంగా కప్పితే మగవే మిగులుతాయి.

చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తల్లులు ఎక్కువగా ఒడ్డుకొచ్చేది జనవరి నుంచి మార్చి వరకు. వలల్లో ఊపిరాడక చచ్చేదీ అప్పుడే. ఆ రెండు నెలల్ని నమ్ముకుంటే తల్లులకి ఒరిగేది తక్కువ.

గుంట పక్క కర్రకి తేదీ, గుడ్ల సంఖ్య, పూడ్చిన సమయం కట్టడమైంది. ఏప్రిల్ 6కి 45 రోజులు, పిల్లలు పైకొచ్చే వేళ. ఆ ముందే వెదురు బుట్ట బోర్లించి రాత్రంతా గంటకోసారి చూడాలి. తెల్లారి ఎండ బుట్టలో పడితే పిల్లలు ఎండిపోతాయి.