మోరంచపల్లిలో దిగి, చెల్పూరు మీదుగా

పరకాల దాటాక దారికి రెండు వైపులా పత్తి చేన్లే. భూపాలపల్లి పోయే బస్సులో మోరంచపల్లి దగ్గర నేనొక్కడినే దిగాను. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి ఈ ఊరిని ముంచేసింది. జనం డాబాలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు వచ్చాయి. అయినా కొందరు కొట్టుకుపోయారు. అప్పుడే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అప్పటిదాకా తెలంగాణలో అంత వాన నమోదు కాలేదు.

ఒక పెద్దమ్మ మంచినీళ్లిచ్చి లోపలికి రమ్మంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చూపించబోతే ఆమె చెయ్యి అందలేదు. రేకుల కింది దూలానికి పాలిథిన్ సంచి ఒకటి గట్టిగా కట్టి ఉంది. అందులో పట్టా పాసుబుక్కు, ఆధార్ కార్డు.

"వానకాలమంత గవి ఆడనే ఉంటయి బిడ్డా. మబ్బు వట్టిందంటే నిద్ర వట్టదు."

ఆ ఇంట్లో కరెంటుతో నడిచేవి ఒక ఫ్యాను, రెండు బల్బులు.

అక్కడి నుంచి ఆటోలో చెల్పూరు వెళ్లాను. అక్కడ బొగ్గు మండించి కరెంటు తీసే కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, 1,100 మెగావాట్లు. హన్మకొండలో మా ఇంటి ఏసీ తిరిగే కరెంటులో దీని వాటా కూడా ఉంటుంది. ఈ పొగే ఆ వాన తెచ్చిందని నేననను. కానీ ఇలాంటి పొగలతోనే భూమి వేడెక్కుతోంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, కుండపోతలు పెరిగేది అందుకే. ఆ వేడిలో పెద్ద భాగం ధనిక దేశాలదే. కానీ ఆ మాట చెప్పి మనం తప్పుకుంటే నాకు మనసొప్పదు. చల్లదనం మాకు, ముంపు ఆ పెద్దమ్మకు! ఆమెకు మేం బాకీ ఉన్నాం.

భూపాలపల్లిలో చాయ్ తాగుతుంటే పక్కనున్న సింగరేణి కార్మికుడితో మాట కలిసింది. "బొగ్గు బంద్ వెట్టాలంటరు, మంచిదే అన్నా. మరి మా పోరగాండ్లకు ఏం పని సూపెడ్తరు?" అన్నాడు.

బొగ్గు తగ్గించక తప్పదు. అయితే ఆ దెబ్బ ముందు గని కార్మికుడి ఇంటి మీద పడితే అది అన్యాయం. నెలనెలా మా కరెంటు బిల్లులో కొంత ఎక్కువ వేసినా కడతాను. ఆ డబ్బు మోరంచపల్లిలో ఎత్తు జాగాల్లో ఇళ్లకు, వాగు ఎగువన సైరన్లకు, ఈ కార్మికుల పిల్లలకు వేరే పని నేర్పడానికి ఖర్చు పెట్టాలి.