కాలేజీలో తప్పే లెక్కలు

కాలేజీ నేర్పిన పాఠాలనగానే స్నేహం, ధైర్యం, కలలు అంటూ పెద్ద మాటలే వినిపిస్తాయి. అక్కడ నిజంగా అబ్బేవి వీటికంటే చిన్నవి. మన గురించి మనం వేసుకునే లెక్కలు ఎంత తప్పో తెలిసిరావడం వాటిలో మొదటిది.

"చదివేశాను, వచ్చేసింది" అనే లెక్కే తీసుకోండి. నోట్సు మూడోసారి తిరగేస్తుంటే ప్రతి వాక్యమూ తెలిసినట్టే ఉంటుంది. చూడకుండా చెప్పమంటే రెండో పాయింటు దగ్గరే బండి ఆగుతుంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు. వారం తర్వాత మాత్రం, ఒకసారి చదివి, ఆ తర్వాత పాఠం చూడకుండా గుర్తున్నది రాసుకున్నవాళ్లే ముందున్నారు. తెల్లవారితే పరీక్ష అన్నప్పుడు బట్టీ పనిచేసినట్టు అనిపించడం, ఆ తర్వాత అంతా ఆవిరైపోవడం ఇందుకే.

చేయాల్సింది కష్టమేం కాదు. పాఠం అవగానే పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నదంతా రాయాలి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు సిరాతో చేర్చాలి. మర్నాడొకసారి, నాలుగోరోజు ఒకసారి, వారం దాటాక ఒకసారి, ఆ రంగు సిరా ఉన్న చోట్ల మీదే మళ్లీ ప్రయత్నించాలి. మొదటిసారి సగం కూడా రాకపోవచ్చు. అది చూసి బెంబేలెత్తి మళ్లీ చదవడానికే దిగిపోతారు చాలామంది. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ తిప్పలే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తాయి. ఇక నైట్‌అవుట్ అంటారా, చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలో. ఆ నిద్రనే తీసేస్తే చదివినదాంట్లో కొంత మనమే పారబోసినట్టు.

రెండో లెక్క సమయానిది. 1994లో అచ్చయిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో పూర్తిచేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 దాకా అన్నారు. చివరికి పట్టింది 55కి పైనే! చెడిపోతే ఎంతవుతుందో ఊహించమన్నా మన ఊహ చాలడంలేదన్నమాట. కాబట్టి ఊహించడం మానేసి పాత పని చూసుకోవాలి. రెండు వారాలపాటు ఏ పనికి ఎంతసేపు అనుకున్నామో, ఎంతసేపు పట్టిందో పక్కపక్కన రాసుకుంటే ఎవరి నిష్పత్తి వాళ్లకు తెలుస్తుంది. రెండు గంటలనుకున్నది మూడున్నర పడుతుంటే, వచ్చే నెల ప్రాజెక్టుకూ అలాగే లెక్కేయాలి. గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఆఖరి మూడు రోజులు ఖాళీగా వదలాలి. ప్రింటింగు, పేజీ నంబర్లు, బొమ్మల సర్దుబాటు ఆ ఖాళీని ఇట్టే మింగేస్తాయి.

గ్రూపు ప్రాజెక్టులో "అందరం కలిసి చేద్దాం" అన్న భాగాన్ని ఎవరూ చేయరు. ప్రతి భాగానికీ ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. అన్నీ ఒకచోట కూర్చడమూ ఒక పనేనని గుర్తించి, ఒకరికి అప్పజెప్పి, దానికి విడిగా ఒక రోజు కేటాయించాలి. నలుగురి ఫైళ్లు నాలుగు రకాలుగా ఉంటాయి మరి.

డబ్బు దగ్గర స్నేహాలు చెడేది పెద్ద అప్పుల వల్ల మాత్రమే కాదు. చిన్న మొత్తాలు అడగడానికి మొహమాటం, మరిచిపోవడానికి మనసు రాదు. రూమ్మేట్ల ఉమ్మడి ఖర్చు ఏ రోజుది ఆ రోజే అందరికీ కనబడేచోట రాసిపెట్టి, నెలలో ఒక తేదీన తేల్చేసుకోవాలి. తేదీ ముందే ఖాయమైతే అడిగేది మనిషి కాదు, క్యాలెండరు. అందుకే ఈ ఒప్పందం గదిలో చేరిన మొదటి వారంలోనే, ఎవరూ ఎవరికీ బాకీ పడకముందే జరగాలి.