మౌంట్ పులాస్కీ కోర్టు మేడమీద

షికాగో నుంచి లింకన్ సర్వీసు రైలులో స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్ళినవారు చూసేవన్నీ మొదటి రోజునే చూశాను: ఎనిమిదో వీధిలో అబ్రహాం లింకన్ కాపురమున్న ఇల్లు, మ్యూజియం, ఓక్ రిడ్జ్ శ్మశానంలో సమాధి. ఇల్లు చూడడం ఉచితమే గాని, హోటలు గదికీ అద్దె కారుకీ అయిన ఖర్చు షికాగోకు ఏమీ తీసిపోలేదు. అంత ఖర్చుపెట్టి చూసినా, చిన్నప్పుడు మా బడి గోడ మీది పటంలో కనిపించిన మహాపురుషుడే మళ్ళీ కనిపించడంతో నాకు నిరాశ కలిగింది.

రెండో రోజు మొక్కజొన్న చేల మధ్య అరగంట కారు నడిపి మౌంట్ పులాస్కీ చేరాను. ఊరి నడుమ రెండంతస్తుల ఇటుక కట్టడం. 1848 నుంచి కొన్నేళ్ళు లోగన్ కౌంటీ న్యాయస్థానం అదే. కోర్టు హాలు మేడమీద ఉంది. అన్నీ కలిపి ఏడాది కూడా బడికి వెళ్ళని మనిషి, సొంతంగా చదువుకుని 1836లో వకీలు సన్నదు సంపాదించి, ఏటా వసంతంలోనూ శరత్తులోనూ జడ్జి వెంట కౌంటీ తరవాత కౌంటీ తిరుగుతూ, సత్రాల్లో ఒకే మంచం మీద మరో వకీలుతో సర్దుకు పడుకుంటూ, అప్పుల దావాలూ పొలం తగాదాలూ వాదించిన గదుల్లో అదొకటి. రేపు అధ్యక్షుడయ్యే మనిషి కాక, వాయిదాల కోసం బురద దారుల్లో తిరిగే ప్లీడరు అక్కడే మొదటిసారి నా కళ్ళకు కట్టాడు.

గది చూపిస్తున్న పెద్దావిడకు డెబ్బై దాటి ఉంటాయి. జీతం లేకుండా ఆ పని చేస్తున్నారు. చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న ఆవిడనే అడిగాను: నాన్స్ అనే నల్లజాతి యువతిని అమ్మిన వ్యవహారంలో, ఈ ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రతి మనిషీ స్వతంత్రుడనే భావించాలని 1841లో రాష్ట్ర సుప్రీంకోర్టు చేత అనిపించిన వకీలే, 1847లో ఇదే రాష్ట్రంలోని చార్ల్‌స్టన్‌లో కెంటకీ బానిస యజమాని మాట్సన్ పక్షాన ఎలా నిలబడ్డాడు? జేన్ బ్రయంట్‌నూ ఆమె పిల్లలనూ తిరిగి తన కక్షిదారుకు అప్పగించమని ఎలా వాదించాడు?

ఆవిడ తడుముకోలేదు. "ఓడిపోయాడు. ఆ తల్లీ పిల్లలూ విడుదలయ్యారు. నాకు అదే ముఖ్యం," అన్నారు. వచ్చిన కేసు పట్టడం ఆనాటి వకీళ్ళ ఆచారమని కొందరు చెబుతారనీ, ఆ మాట తనకు సరిపోలేదనీ కూడా అన్నారు. ఆయనను వెనకేసుకు రాకపోవడం వల్లనే ఆవిడ చెప్పిన మిగతాదంతా నమ్మబుద్ధయింది.

మా తాతగారు బొబ్బిలి మునసబు కోర్టులో ప్లీడరు. కౌళ్ళు చెల్లించలేని రైతులను పొలంలోంచి వెళ్ళగొట్టడానికి ఒక భూస్వామి వేసిన దావాకు ఆయన వకాల్తా పుచ్చుకుని గెలిచారు. ఆ రైతుల్లో ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. తాతగారు ఆ తరవాత కోర్టుకు పక్క వీధిలోంచి వెళ్ళేవారని నాన్న చెప్పేవాడు. అందుకేనేమో, మాట్సన్ కేసు నాకు చరిత్ర పుస్తకంలో విషయంలా అనిపించదు.

లింకన్ 1849లో కాంగ్రెసు నుంచి తిరిగి వచ్చి, అయిదేళ్ళు దాదాపుగా వృత్తిలోనే మునిగిపోయాడు. 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం బానిసత్వానికి కొత్త నేలలు తెరిచినప్పుడు పియోరియాలో దాన్ని నిలదీసిన ప్రసంగంలో, ఊళ్ళ కోర్టుల్లో రైతు జ్యూరీలకు ఒక్కొక్క మెట్టూ ఎక్కించి విషయం చెప్పిన అలవాటు కనిపిస్తుంది. చార్ల్‌స్టన్‌లో తప్పు పక్షాన నిలబడ్డ జ్ఞాపకం కూడా అందులో ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

రైలెక్కాక అమ్మకు ఫోన్ చేసి, తాతగారి కేసు కట్టలు అటక మీద ఇంకా ఉన్నాయా అని అడిగాను. ఒక్కటే మిగిలిందట, అది ఏ దావాదో ఎవరూ విప్పి చూడలేదట.