‘నుంచి’ అన్న చోటల్లా ఫ్రమ్ రాదు

పోటీ పరీక్షలకు ప్రిపరేషన్ మొదలుపెట్టిన కొత్తలో ఇంగ్లీషులో నన్ను బాగా ఏడిపించినవి ఫ్రమ్, విత్, టు లాంటి ప్రిపొజిషన్లే. వాయిస్, డైరెక్ట్ ఇండైరెక్ట్ లాంటివి ఒకసారి సూత్రం పట్టుబడితే మార్కు వచ్చేస్తుంది. ప్రిపొజిషన్లకు మాత్రం ఎన్ని రూల్స్ బట్టీ పట్టినా లాభం లేకపోయింది.

ఒక మాక్ టెస్టులో ఈ వాక్యం వచ్చింది: ‘హీ ఈజ్ సఫరింగ్ విత్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్.’ మూడుసార్లు చదివి, వాక్యంలో సరిదిద్దాల్సింది ఏమీ లేదని ‘నో ఇంప్రూవ్‌మెంట్’ ఆప్షన్ పెట్టేశాను. జవాబుల కీలో చూస్తే ‘హీ హాజ్ బీన్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అని ఉంది. నాకు తప్పెందుకు కనబడలేదో ఆలోచిస్తే తెలిసింది. ‘మూడు రోజుల నుంచి జ్వరంతో బాధపడుతున్నాడు’ అన్న మన వాక్యం లోపల నడుస్తోంది, దానితోనే ఇంగ్లీషును సరిచూసుకుంటున్నాను.

ఆ రోజు నుంచి ప్రిపొజిషన్ల జాబితా పక్కనపెట్టి మన విభక్తులతో నోట్సు రాయడం మొదలుపెట్టాను. ఒక్కో విభక్తికి ఒక్కో పేజీ.

ముందు ‘నుంచి’. మూడు రోజులు, ఆరు నెలలు అని లెక్కపెట్టే వ్యవధి అయితే ఫర్. సోమవారం, 2019 అని మొదలైన సమయం చెబితే సిన్స్. ఈ రెండిటితోనూ ఇప్పటికీ సాగుతున్న పని చెప్పాలంటే ‘హాజ్’ లేదా ‘హ్యావ్’ తప్పదు. ఊరి నుంచి వచ్చాడంటే ఫ్రమ్.

‘తో’ ఇంకా కష్టం. పెన్నుతో రాస్తే విత్, డాక్టరుతో పెళ్ళయితే మ్యారీడ్ టు, మలేరియాతో చనిపోతే డైడ్ ఆఫ్. దీనికి సూత్రం వెతకడం దండగ అని నా అభిప్రాయం. మాటనీ ప్రిపొజిషన్‌నీ కలిపి ఒకే ముక్కగా, పైకి చదువుతూ నేర్చుకోండి. ‘కంటే’ పేజీ చిన్నది: సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్, ప్రిఫర్‌లకు దాన్ రాదు, టు వస్తుంది.

మనకు విభక్తి ఉండి ఇంగ్లీషులో ఏమీ రాని చోట్లే ఎక్కువగా అడుగుతారు. సమస్య గురించి చర్చించాం అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’ అనేస్తాం. అక్కడ అబౌట్ అక్కర్లేదు. కానీ డిస్కషన్ అని నామవాచకం వస్తే అబౌట్ పెట్టొచ్చు. గదిలోకి వెళ్తే ‘ఎంటర్డ్ ద రూమ్’ చాలు, ఒప్పందం చేసుకుంటే మాత్రం ‘ఎంటర్డ్ ఇంటు యాన్ అగ్రిమెంట్’. ఈ జంటలు పక్కపక్కనే రాసుకోండి.

తెలుగు సాయపడే చోట్లూ ఉన్నాయి. బై, అంటిల్ మధ్య తికమకపడితే తెలుగులో అనుకుని చూడండి. శుక్రవారం లోపు అప్లై చెయ్యాలంటే బై, శుక్రవారం వరకు ఇక్కడే ఉంటానంటే అంటిల్.

ఎట్, ఆన్, ఇన్ అందరికీ తెలిసినవే. ‘ఇన్ ద మార్నింగ్’ కాస్తా రోజు పేరు చేరగానే ‘ఆన్ సండే మార్నింగ్’ అవుతుందన్నది ఒక్కటి గుర్తుంచుకోండి.

ఇక ‘యూజ్డ్ టు’. ‘ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ’ అంటే ఒకప్పుడు పెందలాడే లేచేవాణ్ణి. ‘ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ’ అంటే పెందలాడే లేవడం నాకు అలవాటే. రెండో దాంట్లో టు ప్రిపొజిషన్, అందుకే ఐఎన్‌జీ. ముందు యామ్, ఈజ్, ఆర్, వాజ్ ఉందేమో చూసుకుని అప్పుడు ఆప్షన్ పెట్టండి.