నా రక్తంలో సీసం 62

సీసం పుట్టించే కడుపు నొప్పి ఒకచోట నిలవదు. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు వస్తుంది, కాసేపు వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. చేత్తో గట్టిగా అదిమితే పెరగాల్సింది పోయి కాస్త తగ్గుతుంది. దానికి తోడు మలబద్ధకం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఆకలి చావడం, మెట్లెక్కితే ఆయాసం, అయినదానికీ కానిదానికీ చిరాకు. నాకు ఇవన్నీ ఉన్నాయి. మొదట గ్యాస్ మాత్రలు ఇచ్చారు. తర్వాత అపెండిసైటిస్ ఏమోనని స్కానింగు తీశారు, అందులో ఏమీ లేదు. చివరికి దారి చూపింది మామూలు రక్తపరీక్షే. హిమోగ్లోబిన్ 9.4. స్లైడు మీద ఎర్రకణాల్లో నీలం చుక్కలు. ఆ చుక్కలు తలసీమియాలో కూడా కనిపిస్తాయి కాబట్టి వాటిని చూసి సీసం అని తేల్చేయలేరు. అందుకే డాక్టరు ఇంకో మందు రాయకుండా "మీరేం పని చేస్తారు?" అని అడిగారు.

విసురు వలలకు సీసం గుళ్ళు పోస్తాను. సరుకు టైర్ల షాపుల్లో దొరుకుతుంది. వీల్ బ్యాలెన్సింగ్ చేసేటప్పుడు పీకి బకెట్లో పడేసే పాత వెయిట్లు. చవక, పైగా అందులో సుమారు 3 శాతం యాంటిమొనీ అనే మూలకం ఉంటుంది కాబట్టి గుండు గట్టిగా వస్తుంది.

సీసం పరీక్షకు రక్తం నరంలోంచే తీయాలి. వేలు గుచ్చి తీస్తే వేలి మీదున్న సీసం దుమ్మే కలిసి లెక్క పెరిగిపోతుంది. నాకు డెసిలీటరుకు 62 మైక్రోగ్రాములు వచ్చింది. 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఇంత వరకైతే ఒంటికి ఏమీ కాదు అని చెప్పగల అంకె ఏదీ లేదు.

చాలామంది భయపడేది కరిగిన సీసం ఆవిరికి. నిజానికి సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, 1,749 డిగ్రీలకు గానీ మరగదు. వంట గ్యాసు పొయ్యి మీద 350 డిగ్రీల్లో ఉన్న మూకుడులోంచి లేచే ఆవిరి బహు తక్కువ. మొదట్లో లేచే నల్లపొగ గ్రీజు, రబ్బరు, జిగురు టేపు కాలిన పొగ. అదీ మంచిది కాదు, కానీ నన్ను పడుకోబెట్టింది అది కాదు. కరిగిన లోహం పైన తేలే బూడిదరంగు తెట్టు ఉంటుంది చూశారూ, అదీ అసలు విషం. చల్లారాక అది పిండిలా నలుగుతుంది. అందులో చిక్కుకున్న సీసం పూసలు పోతాయని దాన్ని జల్లెడ పట్టి ఏరేవాణ్ణి. గుళ్ళు పోసేవాళ్ళలో ఈ అలవాటు కొత్తేమీ కాదు. జల్లెడ ఆడించినప్పుడు లేచే పొడి కంటికి సరిగా ఆనదు. ముక్కులోకి, మీసాల్లోకి, చొక్కా మడతల్లోకి, అక్కణ్ణుంచి టీ గ్లాసు అంచుకి వెళ్తుంది. పూసలకోసం జల్లెడ పట్టి మిగిల్చుకునేది గుప్పెడు సీసం. హాస్పిటల్ బిల్లు ముందు దాని ఖరీదు ఎంతని?

కాబట్టి పని పద్ధతి మొత్తం పొడి లేవకుండా ఉండేలా మార్చుకోవాలి. అది ఏరడం దగ్గరే మొదలవుతుంది. ఇప్పుడు బకెట్లో సగానికి సగం ఇనుము, జింకు వెయిట్లు వస్తున్నాయి. కొన్నిటి మీద పీబీ, జడ్‌ఎన్, ఎఫ్‌ఈ అని (వరుసగా సీసం, జింకు, ఇనుము) గుర్తులుంటాయి. లేనివాటిని కటింగ్ ప్లయరుతో కొరికి చూడాలి. సీసమైతే పళ్ళు దిగుతాయి, జింకైతే జారిపోతాయి. గచ్చు మీద వేస్తే సీసం దబ్బున పడుతుంది, జింకు ఖంగుమంటుంది. ఇనుమును అయస్కాంతం లాగేస్తుంది, అయితే సీసం వెయిట్లకున్న క్లిప్పు కూడా ఇనుమే కాబట్టి అయస్కాంతాన్ని వెయిటు ఒంటి మీద ఆనించి చూడాలి, క్లిప్పు మీద కాదు. వాల్వులు, సిగరెట్ పీకలు, టేపు ముక్కలు తీసిపారేయాలి. ఏరేటప్పుడు కూడా చేతికి గ్లౌజులుండాలి. మురికి బకెట్టును పొడిగా గుమ్మరించకూడదు.

తర్వాత కడిగి, రెండు మూడు ఎండలు గట్టిగా ఎండబెట్టాలి. క్లిప్పు సందులో ఒక్క నీటి చుక్క మిగిలి, అది కరిగిన సీసం కిందకు వెళ్ళిందంటే ఆవిరై 1,700 రెట్లకు పైగా ఉబ్బుతుంది. మూకుడులో ఉన్నదంతా మొహం మీదకి చిమ్ముతుంది. అందుకే సరుకంతా చల్లని మూకుడులో ముందే వేసి మూత పెట్టి పొయ్యి వెలిగించాలి. కరిగిన దాంట్లో కొత్త వెయిట్లు వేయకూడదు. ఇంకో వాయి కావాలంటే చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. అచ్చు, గరిట కూడా ముందు వేడి చేయాలి, తేమ వాటికీ పడుతుంది. అల్యూమినియం గిన్నె పనికిరాదు, ఆ వేడిలో బలం పోయి బరువుకు కుంగుతుంది. దళసరి ఇనప మూకుడు, సగానికి మించి నింపకుండా, ఒక వాయికి ఐదు కిలోలు చాలు. ఆ మూకుడు, ఆ గరిట మళ్ళీ వంటింటి ముఖం చూడకూడదు.

ఆరుబయట, గాలి వీపు వైపునుంచి వచ్చేలా నిలబడాలి. వేడి 350 నుంచి 370 డిగ్రీల మధ్య ఉంచాలి. అక్కడ ఉంటే ఏరేటప్పుడు తప్పించుకున్న జింకు (అది 419 డిగ్రీలకు గానీ కరగదు) ఇనప క్లిప్పులతో పాటు పైన తేలుతుంది, చిల్లుల గరిటతో తీసేయొచ్చు. వేడి దాటి జింకు కరిగిందంటే సీసం విరిగిన పాలలా ముద్దలు కడుతుంది, అచ్చు అంచులు నిండవు. ఆ వాయి మొత్తం దండగ. తుపాకీలా గురిపెట్టి చూసే టెంపరేచర్ మీటరును నమ్మొద్దు, మెరిసే లోహం మీద అది తక్కువ చూపిస్తుంది. లోపల ముంచే ప్రోబు ఉన్నదే కావాలి.

క్లిప్పులు తీశాక ఉసిరికాయంత కొవ్వొత్తి ముక్క వేసి కలపాలి. భగ్గున మండుతుంది, కాస్త వెనక్కి జరగాలి. ఆ మైనం తెట్టులో కలిసిపోబోయే తగరాన్ని, యాంటిమొనీని తిరిగి లోహంలోకి దించుతుంది. గరిటతో అడుగు, అంచులు గీరుతూ కలిపితే తెట్టు తగ్గిపోయి నల్లటి పొడి మిగులుతుంది. దాన్ని నెమ్మదిగా తీసి, పక్కనే పెట్టుకున్న పొడి రేకు డబ్బాలో జార్చి వెంటనే మూత వేయాలి. గరిటను డబ్బా అంచుకు కొట్టి దులపకూడదు. పొడి లేచేది అప్పుడే.

పాత బ్యాటరీ ప్లేట్లు ఈ మూకుడులో ఎవరెంత చవగ్గా ఇచ్చినా వేయొద్దు. యాసిడ్ సంగతి అలా ఉంచండి. వాటిలో కాల్షియం ఉంటుంది, అది ఆర్సెనిక్, యాంటిమొనీలతో కలిసి తెట్టులోకి చేరుతుంది. ఆ తెట్టుకు తేమ తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే విషవాయువులు పుట్టొచ్చు. అవి సీసంలా నెలల తరబడి కాదు, గంటల్లో ప్రాణం మీదకి తెస్తాయి.

మొహానికి చేతిరుమాలు కట్టుకోవడం కట్టుకోకపోవడం ఒకటే. ముక్కు, నోరు మూసే రబ్బరు మాస్కుకు సన్నని పొడిని ఆపే పీ100 ఫిల్టర్లు బిగించి, గడ్డం గీసుకుని, అంచు చర్మానికి అతుక్కునేలా పెట్టుకోవాలి. కళ్ళకు అద్దాలు, కాళ్ళకు తోలు బూట్లు, పొడుగు చేతుల నూలు చొక్కా. సింథటిక్ బట్ట చుక్క పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పని మధ్యలో బీడీ, ఖైనీ, టీ ఏవీ వద్దు, జేబులో ఫోను కూడా ముట్టుకోవద్దు. ఖాళీ కడుపుతో ఉంటే మింగిన సీసం ఎక్కువగా ఒంట్లోకి ఎక్కుతుంది, కాబట్టి ఉపవాసం ఉన్నరోజు పొయ్యి వెలిగించకపోవడమే మేలు.

వైద్యం దగ్గర మొదటి షరతు పని ఆపడం. సీసం ఇంకా లోపలికి వస్తుండగా దాన్ని బయటికి లాగే మందు వాడితే ఉపయోగం లేకపోగా చెరుపు. నాకు ఇచ్చింది సక్సిమర్ క్యాప్సూళ్ళు. శరీర బరువు కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎనిమిది గంటలకోసారి 5 రోజులు, ఆపైన పన్నెండు గంటలకోసారి 14 రోజులు. కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మూత్రం కూడా అదే కంపు. వాంతి వచ్చినట్టుంటుంది. మధ్యమధ్య లివరు, తెల్లకణాలు, కిడ్నీ పరీక్షలు చేయించాలి. ఎక్కువ ఉన్నవాళ్ళకు నరంలోకి కాల్షియం డైసోడియం ఈడీటీఏ ఇస్తారు. పేరులో కాల్షియం లేని డైసోడియం ఈడీటీఏ వేరే మందు, అది రక్తంలో కాల్షియాన్ని లాగేసి ప్రాణం తీసిన సందర్భాలున్నాయి. ఇవి ఏవీ సొంతంగా కొని వాడేవి కావు. మా చుట్టాల్లో ఒకాయన బలానికని భస్మం తెచ్చి ఇచ్చారు. నాగభస్మం అంటే సీసం భస్మమే! అది పక్కన పెట్టాను.

మందు అయిపోగానే 62 కాస్తా 21కి దిగింది. తర్వాత మళ్ళీ 38. మందు పనిచేయలేదని కంగారు పడనక్కరలేదు. రక్తంలో సీసం సుమారు నెలలో సగమవుతుంది గానీ, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉంటుంది. రక్తం ఖాళీ కాగానే ఎముక కొంత వదులుతుంది. రెండో విడత మందు, ఆపైన ఊరికే ఎదురుచూడడం. కడుపు నొప్పి ముందుగా పోయింది, హిమోగ్లోబిన్ తర్వాత లేచింది, మరుపూ చిరాకూ అన్నిటికంటే ఆలస్యంగా వెళ్ళాయి. మణికట్టు బలం కూడా చూస్తారు. అరచెయ్యి నేలవైపు ఉండేలా చెయ్యి ముందుకు చాచి, మణికట్టు దగ్గర పైకి ఎత్తి పట్టగలగాలి, అలా ఎత్తలేక వేలాడిపోతే నరాలకు దెబ్బ తగిలినట్టు. నాకు అంతవరకూ రాలేదు.

ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువుంటే సీసం ఎక్కువ ఎక్కుతుంది. రాగి జావ, పాలు, తోటకూర, నువ్వులు పనికొచ్చేది ఇక్కడే. ఉన్న సీసాన్ని అవేమీ కడిగేయవు.

ఇంట్లోవాళ్ళ పరీక్ష నా పరీక్ష కంటే ముఖ్యమని అప్పటికి ఎవరూ చెప్పలేదు. మింగిన సీసంలో పెద్దవాళ్ళకు పదో వంతు ఒంట్లోకి ఎక్కితే పిల్లలకు సగం దాకా ఎక్కుతుంది. మా పాపకు 8 వచ్చింది. అమెరికాలో పిల్లలకు పెట్టుకున్న హెచ్చరిక గీత 3.5. అంతలో మందు వేయరు, సాధారణంగా 45 దాటితేనే వేస్తారు. చేయాల్సిందల్లా ఇల్లు శుభ్రం. పాప ఎప్పుడూ పొయ్యి దగ్గరకు రాలేదు, నా చొక్కా, చెప్పులు మాత్రం ఇంట్లోకి వచ్చేవి. చీపురుతో ఊడవడం మానేసి సబ్బునీళ్ళు ఒక బకెట్టు, మంచినీళ్ళు ఒక బకెట్టు పెట్టుకుని గుమ్మం, కిటికీ అంచులు, మంచం కింద తడిబట్టతో తుడవాలి. బట్టను సబ్బునీళ్ళలో ముంచి తుడిచి, రెండో బకెట్లో జాడించాలి. పనిబట్టలు బయటే విప్పి విడిగా ఉతకాలి. పాప అంకె మూడు నెలల తర్వాతి పరీక్షలో 5కి వచ్చింది.

డాక్టరు సరేననేదాకా పొయ్యి వెలిగించలేదు. ఇప్పుడు పోసినా ఏటా రెండుసార్లు రక్తంలో సీసం పరీక్ష చేయించుకుంటాను, కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు ఉన్న ఇంటి పెరట్లో పోయను. తెట్టు డబ్బా నిండితే పాత బ్యాటరీలు తీసుకునే లైసెన్సున్న రీసైక్లింగ్ వాళ్ళకు ఇస్తాను. అందులో సీసం శాతం ఎక్కువే కాబట్టి వాళ్ళు కాదనరు. కాలవలో గానీ పెరట్లో గానీ పారబోయకూడదు, సీసం మట్టిలో ఎక్కడిదక్కడే ఉండిపోతుంది.