మూడోసారి తీసిన ఫొటో

ఇశ్రాయేలులో గలిలయ సరస్సుకు ఎగువన, యేసు కొండమీది ప్రసంగం చేశాడని చెప్పే గుట్ట మీద ఎనిమిది పలకల చిన్న ప్రార్థనాలయం ఉంది. ఇటలీ వాస్తుశిల్పి ఆంటోనియో బార్లూజీ నమూనా గీస్తే 1938లో పూర్తయింది. ఎనిమిది పలకలు ఎందుకంటే ధన్యతలు, అంటే ఆ ప్రసంగంలో "ధన్యులు" అంటూ యేసు చెప్పిన మాటలు, ఎనిమిది. పై కిటికీల్లో అవి లాటిన్‌లో రాసి ఉంటాయి.

నాకు కావలసింది ఆరోది. "హృదయశుద్ధి గలవారు ధన్యులు." ఆ కిటికీ కింద మోకరించి, తోటి యాత్రికుడితో "బ్రదర్, ఒక ఫొటో" అన్నాను. మొదటిదాంట్లో కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. రెండోదాంట్లో పొట్ట కనబడింది. మూడోది బాగా కుదిరింది: మూసిన కళ్ళు, పైకెత్తిన గడ్డం, ముఖమ్మీద వెలుతురు. ఆ మూడుసార్లలో ఒక్క మాటా ప్రార్థన చేయలేదు. రెప్పలు అదరకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. ఆ సంగతి అప్పుడు తట్టలేదు లెండి.

తర్వాత యెరూషలేము. ఒకప్పుడు యూదుల దేవాలయం ఉన్న దేవాలయ పర్వతానికి దక్షిణాన, 1968లో మొదలైన తవ్వకాల్లో బయటపడిన పాత మెట్లున్నాయి. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయాన్ని కూల్చకముందు భక్తులు ఎక్కినవి. పక్కనే రాతిలో తొలిచిన స్నానపు గుంటలు. వాననీరో ఊటనీరో నిలిచిన వాటిలో నిండా మునిగి, శుద్ధులై పైకి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఎండిపోయి ఉన్నాయి.

ఆ మెట్లు ఒక తీరున ఉండవు. ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు. నిదానంగా ఎక్కాలనే అలా కట్టారన్నాడు గైడ్. నిజమేమో గానీ, కాళ్ళకేసి చూసుకోకుండా ఎక్కడం మాత్రం కుదరలేదు. మా గుంపులో ఒక పెద్దావిడ ప్రతి మెట్టు దగ్గరా ఆగుతోంది. ఈవిడ వల్ల అందరికీ ఆలస్యమని విసుక్కుంటూ, నాకింకా మోకాళ్ళ నొప్పులు లేనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. చెప్పుకున్నాక నాలుక కరుచుకున్నాను. యేసు చెప్పిన కథలో, ప్రార్థనకు దేవాలయానికి వెళ్ళి, పక్కనున్న పన్ను వసూలుదారుణ్ణి చూసి "ఈ సుంకరిలా లేనందుకు" దేవునికి స్తోత్రం చెప్పుకున్న పరిసయ్యుడి, అంటే నిష్ఠాపరుడైన యూదుడి, మాట కూడా ఇదే కదా.

అక్కడే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళుగా నన్ను నేను పరీక్షించుకోవడం లేదని కాదు. కానీ దొంగ చేతికే తాళాలిచ్చినట్టు ఉండేది ఆ పరీక్ష. "ప్రార్థనలో బద్ధకిస్తున్నాను ప్రభువా" లాంటివే ఒప్పుకునేవాణ్ణి. నలుగురిలో చెప్పినా పరువు పోని పాపాలు. అన్నయ్యతో మూడేళ్ళుగా మాటల్లేని సంగతి ఆ జాబితాలోకి రానేలేదు. తప్పు వాడిదని ముందే తేల్చేశాను. అందుకేనేమో బైబిల్లో కీర్తనకారుడు తనను తాను పరిశోధించుకుంటాననలేదు. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అన్నాడు. అన్నాను నేనూ, కళ్ళు తెరిచే.

ఫోన్ తీశాను. "నువ్వు చేసిందంతా క్షమించేశాను అన్నయ్యా, యెరూషలేము నుంచి రాస్తున్నాను" అని టైపు చేశాను. చదువుకుంటే, ఆ కిటికీ కింది ఫొటోలాగే ఉంది. చెరిపేశాను. ఇంకోలా రాశాను, అందులోనూ నేనే పెద్దమనిషిని. అదీ చెరిపేశాను.

ఆ పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చి నా పక్క మెట్టు మీద కూలబడింది. "ఇంకా ఎన్ని మెట్లు నాయనా?"

"కొన్నేనమ్మా" అని, "అన్నయ్యా, తప్పు నాది కూడా" అని పంపి, ఆవిడకు చెయ్యందించాను.