షో కుక్కపిల్ల కావాలంటే: క్రాసింగ్‌కి ముందే మొదలయ్యే పరిచయం

విజయనగరం, శ్రీకాకుళం వైపు షో పిల్ల, అంటే డాగ్ షో పోటీల్లో దింపే కుక్కపిల్ల, కావాలనుకునేవాళ్లలో చాలామంది మొదటి మెసేజ్ ఇలా ఉంటుంది: ‘పప్పీ రేటెంత?’ మంచి బ్రీడర్ (జాతి కుక్కలను పెంచి ఈతలు తీయించేవాడు) దానికి జవాబివ్వడు. ఒక ఈతలో ఏడెనిమిది పిల్లలున్నా రింగుకు, అంటే షోలో జడ్జి ముందు కుక్కను నడిపించే చోటికి, పనికొచ్చేవి ఒకటో రెండో. మేలైనదాన్ని అతనే ఉంచుకుంటాడు. రెండోది ఎవరికివ్వాలో క్రాసింగ్‌కి ముందే అనుకుని ఉంటాడు. డబ్బు ఎక్కువిస్తామన్నా ఆ వరస మారదు, మారకూడదు కూడా.

అందుకే చలికాలంలో విశాఖపట్నంలో షో జరిగితే కొనే ఆలోచన పక్కనపెట్టి, చూడడానికే వెళ్లండి. కేటలాగ్ కొనుక్కుని మీకు కావలసిన జాతి రింగు దగ్గర కూర్చోండి. అందులో ప్రతి కుక్కకీ పుట్టిన తేదీ, తండ్రి, తల్లి, బ్రీడర్, యజమాని పేర్లుంటాయి. గెలిచినవాటికి టిక్కు పెట్టి, యజమాని పేరు వదిలేసి, తల్లి పేరూ బ్రీడర్ పేరూ చూడండి. ఒకే తల్లి పిల్లలు వేర్వేరు ఇళ్లలో పెరిగి, వేర్వేరు జడ్జిల ముందు నెగ్గుతున్నాయంటే ఆ లైన్‌లో (వంశంలో) నిలకడ ఉంది. ఒక్క ఛాంపియన్‌ను చూసి మురిసిపోవద్దు.

రింగులోకి వెళ్లబోతున్నవాళ్లని పలకరించకండి. జడ్జింగ్ అయ్యాక, ‘మీ కుక్క నడక బాగుందండీ, దీని తల్లిని చూడొచ్చా?’ అనడం చాలు. అడక్కుండా కుక్కను ముట్టుకోవద్దు. చిన్న కుక్కపిల్లలున్న రెండు కెన్నెల్స్‌కి (బ్రీడర్లు కుక్కలను పెంచే చోట్లకి) ఒకే రోజు వెళ్లొద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ చెప్పులకీ బట్టలకీ అంటుకుని వెళ్తుంది. ఈ ఒక్క జాగ్రత్త తెలిసినవాళ్లకి బ్రీడర్లు తలుపు తొందరగా తీస్తారు.

మీ గురించి మీరే ముందు చెప్పండి: ఇల్లు సొంతమా అద్దెదా, పగలు కుక్క దగ్గర ఎవరుంటారు, రింగులో ఎవరు నడిపిస్తారు. మన తీరంలో ఉక్కపోత, పిడుదులు, వాటితో వచ్చే ఎర్లీకియా జ్వరం సంగతి బ్రీడర్ అడుగుతాడు. ఒత్తు బొచ్చు జాతి అయితే మరీ అడుగుతాడు. ఆ జవాబు సిద్ధంగా ఉండాలి.

మీరూ అడగండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే గ్రేడ్ (తుంటి కీలు ఎంత బాగుందో చెప్పేది) ఎంత? లాబ్రడార్‌కైతే పీఆర్ఏ (మెల్లగా చూపు పోయే జబ్బు), ఈఐసీ (గట్టిగా పరుగెత్తితే కూలబడే జబ్బు) జన్యు పరీక్షలు చేయించారా? తల్లికి ఇది ఎన్నో ఈత? 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఆడకుక్కను పద్దెనిమిది నెలలలోపు కట్టించకూడదు, జీవితంలో అయిదు ఈతలు దాటకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

ఎనిమిది వారాల పిల్లను చూపించి ‘ఇది ఛాంపియన్’ అని హామీ ఇచ్చేవాణ్ని నమ్మకండి. పాలపళ్లు సరిగా కలిసినా, ఆరేడు నెలలకి శాశ్వత పళ్లు వచ్చాక కింది దవడ ముందుకు రావచ్చు. మగపిల్లకి రెండు వృషణాలూ దిగకపోతే రింగు దారి మూసుకుపోయినట్టే. జర్మన్ షెపర్డ్ చెవులు నిలబడడానికే నెలలు పడుతుంది. నా సలహా: బ్రీడర్ తన కోసం ఉంచుకుని, తర్వాత వద్దనుకున్న అయిదారు నెలల పిల్ల దొరికితే, ఎందుకు వద్దనుకున్నాడో అడిగి, అదే తీసుకోండి. ధర ఎక్కువైనా అనుమానాలు తక్కువ.

లోపం బయటపడితే డబ్బు తిరిగిస్తారా, వేరే పిల్లనిస్తారా, ఉమ్మడి యాజమాన్యమైతే మొదటి ఈతలో ఎవరికెన్ని, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ మీది మైక్రోచిప్ నంబరు, స్కానర్‌లో కనబడే నంబరు ఒకటేనా అని అక్కడే చూసుకోండి. ‘కాగితాలు తర్వాత పంపుతా’ అంటే పిల్లని కూడా తర్వాతే తెచ్చుకోండి.

తెచ్చాక నెలకోసారి పక్కనుంచి నిలబెట్టి తీసిన ఫొటో, బరువు పంపండి. జ్వరం వచ్చినా, నడక తేడా వచ్చినా దాచొద్దు. తన లైన్‌లో ఏ లోపం వస్తోందో బ్రీడర్‌కి అలాగే తెలుస్తుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మైనర్ పప్పీ క్లాసులో దింపే ముందు అతని సలహా తీసుకోండి. రెండో కుక్క కోసం అడిగినప్పుడు మీ పేరు వరసలో పైకి వచ్చేది ఈ నెలల్లో పంపిన కబుర్ల వల్లే.